చుట్టపు చూపు ఎన్ని నెలలు?

ప్రశ్న: మాది ఖమ్మం. నేను టీచరుగా రిటైరయ్యాను. మా వారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మాకు ఒక్కతే అమ్మాయి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. కూతురు, అల్లుడు ఇద్దరికీ ఉద్యోగాలు. మాకు పదేళ్ళ టూరిస్టు వీసా ఉంది. నిరుడు అక్టోబరు 1న పురిటికి వెళ్ళి, ఈ మార్చి 15న తిరిగొచ్చాం. మేం బయలుదేరడానికి రెండు రోజుల ముందు మా వియ్యాలవారు దిగారు. వాళ్ళు సెప్టెంబరులో వచ్చేస్తారు కాబట్టి మమ్మల్ని 12వ తేదీకల్లా రమ్మంటోంది అమ్మాయి. ఈసారి ఆరు నెలలు ఉండి, ఇంకో ఆరు నెలలకు ఎక్స్‌టెన్షన్ వేద్దామంటోంది. పాపకు అక్టోబరు 26న ఏడాది నిండుతుంది. మా వారికి షుగరు. పోయినసారి మూడో నెల నుంచే ఇంటికి పోదామని పోరు పెట్టారు. ఇక్కడ తలా ఒక మాట చెప్తున్నారు. పదేళ్ళ వీసా ఉంటే ఎన్నాళ్ళైనా ఉండొచ్చని ఒకరు, వెంటవెంటనే వెళితే ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపేస్తారని ఒకరు, ఆరు నెలలు కాగానే కెనడా వెళ్ళొస్తే మళ్ళీ ఆరు నెలలు ఇస్తారని ఇంకొకరు. అసలు ఎన్నాళ్ళుంటే మంచిది?

జవాబు: టీచరమ్మ గారూ, ముందు నా మాట చెప్పేస్తాను, లెక్కలు తర్వాత చూద్దాం. సెప్టెంబరులో వెళ్ళండి. బతుకమ్మ ఆడండి, దీపావళి చేసుకోండి, పాప మొదటి పుట్టినరోజు కళ్ళారా చూసుకోండి. నవంబరు 15 లోపల ఖమ్మం వచ్చేయండి. అంతా కలిపి రెండు నెలలు. ఎక్స్‌టెన్షన్ మాట ఈసారికి ఎత్తొద్దు.

అమ్మాయికి ఇది నచ్చదని తెలుసు. ఎందుకు చెప్తున్నానో చదివి, ఆ తర్వాత మీరే నిర్ణయించుకోండి.

మొదట ఆ పదేళ్ళ సంగతి. వీసా మీద రాసిన తేదీ గుమ్మం దాకా రావడానికి ఇచ్చిన గడువు. లోపలికి వచ్చాక ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పేది ఐ-94 అనే రికార్డు. విమానం దిగాక ఇమిగ్రేషన్ ఆఫీసర్ ఆ తేదీ వేస్తాడు. టూరిస్టు వీసాకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. మీరు సెప్టెంబరు 12న దిగితే మార్చి 11 అని పడుతుందన్నమాట. తగ్గించే అధికారం కూడా అతనికి ఉంది. పాస్‌పోర్టు గడువు అంతకంటే ముందే అయిపోయేలా ఉంటే ఐ-94 ఆ తేదీ దగ్గరే ఆగిపోవచ్చు. మీ ఇద్దరి పాస్‌పోర్టులూ ఈ రోజే బీరువాలోంచి తీసి చూడండి.

ఈ తేడా నాకు తెలిసింది మా అబ్బాయి ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర. న్యూజెర్సీకి అది నా మొదటి ప్రయాణం. వీసాలో సంవత్సరం చూసి నిశ్చింతగా ఉన్నాను. తిరుగు టికెట్ ఆరు నెలలు దాటి పది రోజులకు ఉంది, అప్పుడు చవగ్గా దొరికిందని కొన్నది. ఒక రాత్రి మా కోడలు నా పాస్‌పోర్టు తిరగేస్తూ, 'అత్తయ్యా, ఈ స్టాంపులో తేదీ వచ్చే గురువారం కదా' అంది. అందులో పెన్నుతో రాసిన అంకెలు నేను అప్పటిదాకా చూడనే లేదు, చూసినా గీతలనుకున్నానేమో. రాత్రికి రాత్రి టికెట్ మార్చాం. మార్పిడికి కట్టింది దాదాపు టికెట్ ఖరీదంత. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు అమెరికా వెళ్ళినా నేను అడిగే మొదటి ప్రశ్న ఐ-94 తేదీ ఎంతని. ఇప్పుడైతే చాలా ఎయిర్‌పోర్టుల్లో స్టాంపు కూడా వెయ్యట్లేదు. దిగిన మర్నాడే పిల్లల్ని కూర్చోబెట్టి అమెరికా సరిహద్దు శాఖ (సీబీపీ) వెబ్‌సైట్‌లో ఐ-94 తీయించాలి. తేదీతో పాటు పేరూ చూసుకోండి. మన ఇంటిపేర్లు, అసలు పేర్లు తారుమారు కావడం మామూలే.

ఆ తేదీ ఒక్క రోజు దాటినా పదేళ్ళ వీసా దానంతట అదే చెల్లకుండా పోతుంది. మళ్ళీ ఇక్కడ కొత్తగా అప్లై చేసుకోవాలి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఎందుకు దాటారో సంజాయిషీ చెప్పుకోవాలి. అనుమతి లేకుండా 180 రోజులు దాటి ఉండి బయటికొస్తే మూడేళ్ళ నిషేధం. ఏడాది, ఆపైన ఉంటే పదేళ్ళు. మీరు అంతదాకా పోరని తెలుసు, అయినా ఆ అంకెలు మనసులో ఉంచుకోవడం మంచిది.

ఇక కెనడా చిట్కా. అది పని చెయ్యదు. కెనడాకో మెక్సికోకో 30 రోజుల లోపు వెళ్ళొస్తే సాధారణంగా పాత ఐ-94 తేదీయే కొనసాగుతుంది. కొత్త ఆరు నెలల కోసమే సరిహద్దు దాటి వచ్చారని ఆఫీసర్‌కు అనుమానం వస్తే అసలుకే మోసం. పైగా మనకు కెనడా వెళ్ళాలంటే వేరే వీసా కావాలి. ఆ సంగతి ఈ సలహా ఇచ్చినవాళ్ళెవరూ చెప్పరు.

వెంటవెంటనే వెళ్ళొచ్చా అన్నారు. రెండు ప్రయాణాల మధ్య ఇన్ని రోజుల ఎడం ఉండాలని అమెరికా చట్టంలో లేదు. ఏడాదికి మొత్తం 180 రోజులే అన్న మాట కూడా అందులో లేదు. ఐరోపాలో షెంగెన్ దేశాలకు మాత్రం ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే అన్న లెక్క ఉంది. జనం ఆ రెంటినీ కలిపేస్తుంటారు. అక్కడ ఎన్నాళ్ళున్నామో ఇక్కడా కనీసం అన్నాళ్ళు ఉండాలన్నది మనవాళ్ళు అనుభవం మీద పెట్టుకున్న బండ లెక్క. ఆ లెక్కలో మీరు గట్టెక్కుతారు. అక్కడ అయిదున్నర నెలలున్నారు, ఇక్కడ దాదాపు ఆరు నెలలు.

కానీ ఆఫీసర్ చూసేది ఎడం ఒక్కటే అనుకోకండి. అతని ముందున్న కంప్యూటర్‌లో మీ రాకపోకలన్నీ వరసగా కనిపిస్తాయి. మీరు అమ్మాయి చెప్పినట్టు మార్చి దాకా ఉంటే, నిరుడు అక్టోబరు నుంచి లెక్కేస్తే పదిహేడున్నర నెలల్లో పదకొండున్నర నెలలు అమెరికాలోనే గడిపినట్టు. ఎక్స్‌టెన్షన్ కూడా కలిస్తే ఇక చెప్పేదేముంది. ఆ పై సారి మీరు దిగినప్పుడు, 'ఈమె ఇల్లు ఖమ్మమా, ఫ్రిస్కోనా?' అన్న అనుమానం అతనికి రావడంలో తప్పేం లేదు. చూడ్డానికి వచ్చి వెళ్ళేవాళ్ళకు ఇచ్చిన వీసా ఇది. చుట్టపు చూపు అంటారే, అదీ.

ఇక్కడ ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. మన ఇళ్ళల్లో ఇది రిలే పందెంలా తయారైంది. ముందు అమ్మాయి తల్లిదండ్రులు ఆరు నెలలు, వాళ్ళు సూట్‌కేసు సర్దుకునే వేళకు వియ్యాలవారు, మళ్ళీ వీళ్ళు. పాప రెండేళ్ళదయ్యేదాకా డే కేర్ గడప తొక్కకూడదని పట్టుదల. పురిటికి వెళ్ళడం, బాలింతకు పథ్యం వండిపెట్టడం తల్లి చేసే పనే, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. మనవరాలిని ఎత్తుకోవడం నేరమూ కాదు. అయితే ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా, ఆయాకు బదులు మిమ్మల్ని పెట్టుకోవడమే ఆ ప్రయాణం అసలు ఉద్దేశమైతే, అది టూరిస్టు వీసా పని కాదు. ఎయిర్‌పోర్టులో 'టు టేక్ కేర్ ఆఫ్ ది బేబీ' అన్న పాపానికి పక్క గదిలో గంటలు కూర్చున్న తల్లులు ఉన్నారు. అలాగని అబద్ధం చెప్పమనను. అస్సలు చెప్పొద్దు, ఒక్కసారి పట్టుబడితే ఆ మచ్చ పోదు. నిజంగానే పుట్టినరోజుకు, పండగలకు వెళ్ళి రెండు నెలల్లో తిరిగొస్తుంటే ఆ నిజమే చెప్పొచ్చు, చేతిలో తిరుగు టికెట్ చూపించొచ్చు. నేను రెండు నెలలు అంటున్నదాంట్లో సగం కారణం ఇదే. ఇంగ్లీషు ప్రశ్న అర్థం కాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. తెలియని ప్రశ్నకు 'యస్ యస్' అనడం కంటే అది వెయ్యి రెట్లు నయం. అబుదాబీ మీదుగా వెళ్తుంటే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, నిద్ర కళ్ళతో ఉంటారు, కాస్త తెలివి తెచ్చుకుని నిలబడండి.

ఎక్స్‌టెన్షన్ సంగతి. ఐ-539 అనే ఫారం. ఐ-94 తేదీ లోపల వెయ్యాలి, కనీసం 45 రోజుల ముందు వేస్తే మంచిదని వాళ్ళే చెప్తారు. 2024 ఏప్రిల్ నుంచి ఫీజు ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీదైతే 470. సకాలంలో వేస్తే జవాబు వచ్చేదాకా ఉండొచ్చు, ఆ రోజులు ఓవర్‌స్టే కింద లెక్కకు రావు. అయితే జవాబు నెలల తరబడి రాదు. అడిగిన ఆరు నెలలూ ఉండి, ఇంటికొచ్చి, సామాన్లు విప్పాక అక్కడ ఉత్తరం వచ్చిన సందర్భాలు బోలెడు. ఈలోపు తిరస్కరిస్తే ఆ క్షణం నుంచి మీరు అక్కడ ఉండకూడని మనిషి. వీసాకూ ఎసరు. ఎవరికైనా ఆపరేషన్ అయింది, డాక్టరు ప్రయాణం వద్దన్నాడు, అలాంటప్పుడు వేసుకోవడానికి ఉన్న దారి అది. 'ఎలాగూ వచ్చారు కదా, ఇంకొన్నాళ్ళు' అన్నదానికి వాడేస్తే, రేపు నిజంగా అవసరమైన రోజున మీ మాటకు విలువ తగ్గుతుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం. పిల్లలకే తెలియదు, ఇక ఖమ్మంలో మీకెవరు చెప్తారు? అది ఇన్‌కమ్ టాక్స్. గ్రీన్ కార్డు లేకపోయినా, అమెరికాలో ఉన్న రోజులు ఒక హద్దు దాటితే పన్ను లెక్కకు మిమ్మల్ని అక్కడివాళ్ళుగా చూస్తారు. ఈ ఏడాది ఉన్న రోజులు పూర్తిగా, నిరుడు ఉన్నవాటిలో మూడో వంతు, అటు ముందేడాదివాటిలో ఆరో వంతు కలపాలి. మొత్తం 183కు చేరితే హద్దు దాటినట్టే. మీ లెక్క వేసి చూశాను. నిరుడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 92 రోజులు, అందులో మూడో వంతు దాదాపు 31. ఈ ఏడు జనవరి 1 నుంచి మార్చి 15 దాకా 74. రెండూ కలిపి 105. సెప్టెంబరు 12న దిగి నవంబరు 15న బయలుదేరితే ఇంకో 65, అంటే 170. గట్టున ఉన్నారు. నవంబరు 28 దాటారా, 183 పడిపోయింది. అప్పుడైనా ఈ ఏడాది ఉన్న రోజులు 183 లోపు కాబట్టి, మా ఇల్లూ వాకిలీ అన్నీ ఇండియాలోనే అని 8840 ఫారం వేసి బయటపడొచ్చు. డిసెంబరు 31 దాకా ఉంటే మాత్రం ఈ ఒక్క ఏడాదే 185 రోజులు అవుతాయి, ఆ ఫారం దారి కూడా మూసుకుపోతుంది. ఇక రెండు దేశాల మధ్య ఉన్న పన్ను ఒప్పందం పట్టుకుని అక్కడి ఆడిటర్ (సీపీఏ) చుట్టూ తిరగడమే.

దాటితే ఏమవుతుందంటారా? సార్ పెన్షన్, మీ పెన్షన్, ఇంటి అద్దె వస్తుంటే అదీ, ఎఫ్‌డీ వడ్డీ అన్నీ అక్కడ చూపించే బాధ్యత వచ్చి పడుతుంది. ఇండియా బ్యాంకుల్లో ఉన్నదంతా కలిపి ఏ రోజైనా పది వేల డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలు కూడా విడిగా ఇవ్వాలి. రిటైరయ్యాక వచ్చిన డబ్బు ఎఫ్‌డీలో వేసుకున్న ఇంట్లో పది వేల డాలర్లు దాటకుండా ఎక్కడుంటుంది? నిజంగా కట్టాల్సిన పన్ను పెద్దగా ఉండకపోవచ్చు, కానీ ఆ కాగితాల గొడవ మనకెందుకు? చాలామంది ఇవేమీ తెలియకుండానే వెళ్ళొస్తున్నారు, ఏమీ కాలేదంటారు. ఆ ధైర్యం నాకు లేదు.

పెన్షన్ అన్నాను కదా, సార్‌ది కేంద్ర ప్రభుత్వ పెన్షన్. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇప్పుడు ఫోన్‌లో మొహం చూపించి ఇచ్చే సదుపాయం ఉంది. అది మొరాయించినా 15కల్లా ఇక్కడుంటే బ్యాంకుకు నడిచి వెళ్ళొచ్చు, ఇంకా రెండు వారాలు చేతిలో ఉంటాయి. మీది రాష్ట్ర ప్రభుత్వానిది కాబట్టి మీ తేదీ ట్రెజరీలో కనుక్కుని బయలుదేరండి.

సార్ గురించి రెండు మాటలు రాయాలి. మీ ఉత్తరంలో ఆయన పోరు పెట్టారని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను అక్కడే ఆగాను. మా వారు కూడా అంతే. మీకు పాప ఉంది, వంటిల్లు ఉంది, అమ్మాయితో కబుర్లున్నాయి. ఆయనకు ఏముంది? కారు నడపలేరు. వీధి చివర టీ కొట్టు లేదు, పేపరు లేదు, పేరు పెట్టి పిలిచేవాడు లేడు. మా వారు మూడో నెలలో రోజూ సాయంత్రం గ్యారేజీలోకి వెళ్ళి వచ్చేవారు. ఏం చేస్తున్నారా అని ఒక రోజు వెనకాలే వెళితే, ఖాళీ సూట్‌కేసు చక్రాలకు పట్టిన దుమ్ము గుడ్డతో తుడుస్తున్నారు. నన్ను చూసి, 'ఇది సరిగ్గా దొర్లట్లేదు' అన్నారు. మర్నాడు నేనే అబ్బాయికి చెప్పి టికెట్ ముందుకు జరిపించాను. మూడో నెల నుంచే సార్ పోరు పెట్టారని మీరే రాశారు. ఆయన హద్దు ఆయన చెప్పేశారు. అంతకంటే సర్వే ఏం కావాలి?

ఆయన ఒక్కరినీ ముందు పంపి మీరు ఉండిపోతారేమో, షుగరు మనిషిని అలా ఒంటరిగా వదలొద్దు. రెండు నెలలైతే మాత్రలు మొత్తం చీటీతో సహా వెంట తీసుకెళ్ళొచ్చు, కొరియర్ బాధ ఉండదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ముందే ఉన్న జబ్బులకు ఏం ఇస్తారు, ఏం ఇవ్వరు అన్న పేజీ అల్లుడిచేత చదివించుకోండి. చవక పాలసీల్లో షుగరుకు సంబంధించిన ఏదొచ్చినా చేతులెత్తేస్తారు.

మరి నవంబరు తర్వాత పాపనెవరు చూస్తారు? డే కేర్. అక్కడ ఆరు వారాల పసివాళ్ళను కూడా తీసుకుంటారు, మీ మనవరాలికి అప్పటికి ఏడాది దాటి ఉంటుంది. ఖర్చు ఎక్కువే. జలుబులు, జ్వరాలు మొదటి నాలుగు నెలలు తప్పవు. కానీ అమ్మాయికి ఇప్పుడే చెప్పండి, మీరు బయలుదేరే వారం ముందు కాదు. మంచి చోట్ల సీటు కోసం వెయిటింగ్ లిస్టు ఉంటుంది. మీరు వెళ్ళిన మొదటి నెలలోనే రోజుకు రెండు గంటలు అలవాటు చేస్తే, మీరు ఉండగానే పాప సర్దుకుంటుంది, ఏడుపు చూసి మీ అమ్మాయి బెంబేలెత్తినా పక్కన మీరుంటారు. ఈ ప్రయాణంలో మీరు చేసిపెట్టగలిగిన అసలు సాయం అదేనని నా లెక్క.

ఆ తర్వాత వచ్చే ఏడాది ఏప్రిల్లో వెళ్ళండి, మూడు నెలలకు. మన ఎండలు తప్పుతాయి, అక్కడ కూడా జూన్ దాకా బయట తిరగొచ్చు. పాప అప్పటికి 'అమ్మమ్మా' అని పిలుస్తుంటుంది.

ఇవాళే చెయ్యాల్సింది ఇంకొకటుంది. మీ వియ్యపురాలికి ఫోన్ చెయ్యండి. మార్చి 13న దిగారు కాబట్టి వాళ్ళ తేదీ సెప్టెంబరు 12 అయి ఉండాలి. మీరు దిగేదీ ఆ రోజే. ఒకవేళ ఆఫీసర్ తక్కువ ఇచ్చి ఉంటే వాళ్ళ గడువు ఇప్పటికే దగ్గర పడి ఉంటుంది. 'ఆరు నెలలే కదా' అని ఆవిడ అంటారు. అలా వదలొద్దు, ఐ-94 తీయించి తేదీ చదివి వినిపించమనండి. వాళ్ళ టికెట్ కనీసం వారం ముందుకు వేయించండి, చివరి రోజు విమానం రద్దయితే చేసేదేమీ ఉండదు.